పడిపోకుండా ఉండాలంటే... ముందు మనసులో నడవండి

ఈరోజు ఎపిసోడ్‌లో ఇంట్లో పెద్దవాళ్ళు కింద పడకుండా, కూర్చున్న చోటే చేసుకోగలిగే ఒక సాధన గురించి చెప్తాను.

అలిపిరి నుంచి కొండెక్కినవాళ్ళు ఒక్కసారి కళ్ళు మూసుకోండి. మోకాళ్ళ పర్వతం దగ్గర ఒక మెట్టు ఎక్కుతున్నామనుకోండి. తొడ బిగుసుకోవడం, ఊపిరి బరువెక్కడం గుర్తొచ్చాయా? కాలు కదల్లేదు గానీ, మెదడులో కదలికను సిద్ధం చేసే భాగాలు పనిలో పడ్డాయి. ఆటగాళ్ళు దీన్ని ఎప్పటినుంచో వాడుతున్నారు. పక్షవాతం తర్వాత ఫిజియోథెరపీలోనూ వాడతారు.

మరి పెద్దవాళ్ళకెందుకు? పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 6,84,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాళ్ళలో 60 ఏళ్ళు దాటినవాళ్ళే ఎక్కువ. ఎముక విరిగితే చూడడానికి తిరుపతిలో బర్డ్ ఉంది, రుయా ఉంది. కానీ మనసులో భయానికి కట్టు కట్టలేం కదా! ఒకసారి పడిన అవ్వ, మళ్ళీ పడతానేమోనని మంచం దిగదు. నడక తగ్గితే కాళ్ళలో బలం తగ్గుతుంది. బలం తగ్గితే మళ్ళీ పడే ప్రమాదం పెరుగుతుంది.

సాధన ఇలా చెయ్యాలి. వీపుకు ఆనుడు ఉన్న కుర్చీలో కూర్చోండి. మీ ఇంట్లోనే భయంగా ఉండే ఒక చోటు ఎంచుకోండి, స్నానాలగది గడప అనుకుందాం. మిమ్మల్ని మీరు సినిమాలో చూసినట్టు చూడొద్దు. లోపలినుంచి అనుభవించండి: అరికాలికి చల్లటి బండ, చేతికి తలుపు, ఒక కాలి మీద బరువు, రెండో కాలు గడప దాటడం. నిజంగా ఎంతసేపు పడుతుందో మనసులోనూ అంతసేపే పట్టాలి. తర్వాత కాస్త తూలినట్టు, వెంటనే కమ్మీ పట్టుకుని నిలబడినట్టు ఊహించుకోండి. రోజూ ఐదారుసార్లు చాలు. ఆ వెంటనే, పక్కన ఒకరిని పెట్టుకుని, ఆ గడపనే నిజంగా దాటండి.

ఈ చివరి అడుగు వదలొద్దు. మామూలు వ్యాయామానికి ఇలాంటి సాధన కలిపినప్పుడు నిలకడ, నడక వేగం కొంత మెరుగుపడినట్టు అధ్యయనాల్లో కనిపించింది. వ్యాయామం మానేసి ఊహతోనే సరిపెట్టుకుంటే, వ్యాయామంతో వచ్చినంత కండ బలం రాదు. తడి నేల తుడవాలి, రాత్రి లైటు ఉండాలి, కళ్ళు చూపించుకోవాలి. తల తిరుగుతుంటే బీపీ, నిద్రమాత్రల సంగతి డాక్టరును అడగండి.

ఇంట్లో తాతకో అవ్వకో “పడతావు, కూర్చో” అని చెప్పేముందు, “రా, ముందు మనసులో నడుద్దాం” అని పక్కన కూర్చోండి.