మడకశిర పెరట్లో వసంతం

చైత్ర వైశాఖాలను పంచాంగం వసంత ఋతువుగా లెక్కగట్టినా, ఆ రోజులను విత్తనం వేసే అదనుగా చూడటం చలికి నేల గడ్డకట్టే దేశాల అలవాటు. సముద్రమట్టానికి దాదాపు 670 మీటర్ల ఎత్తున, కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న మడకశిర ప్రాంతంలో అది నేల ఆరిపోయే కాలం. నైరుతి ఋతుపవనాల తేమను పడమటి కనుమలు ముందే అడ్డుకుంటాయి, ఈశాన్య ఋతుపవనాలు తూర్పు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి బలహీనపడతాయి. అందుకే, 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ఈ ప్రాంతంతో సహా పూర్వపు అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. కాబట్టి ఇక్కడి పెరట్లో వసంతకాలపు పని కొత్త మొక్క నాటడం కన్నా, ఉన్న మొక్కను మృగశిర దాకా బతికించుకోవడమే. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు పద్నాలుగు రోజులను కార్తె అంటారు; మృగశిర కార్తె జూన్ 8 ప్రాంతంలో ప్రవేశిస్తుంది.

వానలు అరుదైన ఈ రోజుల్లోనే వేప పూస్తుంది, కానుగ ముదురాకు రాల్చి లేతాకు తొడుగుతుంది, మునగ కాయలు దిగుతాయి. లోతుకు పారిన వేళ్లు అడుగుపొరల తేమను అందుకోవడమే ఇందుకు ఆధారం. పైమట్టిలోనే వేరు పారే మిరపకు, వంగకు ఆ వసతి లేదు.

అటువంటి మొక్కలకు కుండ పద్ధతిని మించినది లేదు. రంగు పూయని మట్టికుండను మెడ వరకు పాతి నీళ్లు నింపితే, గోడలోని సన్నని రంధ్రాల గుండా నీరు ఊరుతుంది. చుట్టూ మట్టి ఎండినకొద్దీ ఎక్కువ లాగుకుంటుంది, తడిసినకొద్దీ తక్కువ. చైనాలో రెండు వేల ఏళ్ల నాటి వ్యవసాయ గ్రంథంలోనే ఈ విధానం కనిపిస్తుంది. మూతికి మూకుడు బోర్లించకపోతే నీరు ఆవిరవుతుంది, దోమలు చేరతాయి. బోరు నీటిలోని ఉప్పు రంధ్రాలను పూడ్చి ఊట తగ్గిస్తే కుండ మార్చక తప్పదు.

ఎత్తు మళ్లు కట్టమనే సలహా వానలు దండిగా కురిసే చోట్లకు సరిపోతుంది గానీ, ఇక్కడ అది నష్టమే. చుట్టూ గట్టు వేసి, కాస్త లోతు చేసి, మొదళ్ల వద్ద వేరుశనగ పొట్టునో రాలిన కానుగాకునో నాలుగు వేళ్ల మందాన పరచిన మడే తేమను నిలుపుతుంది. తీగ మీదే ఎండనిచ్చిన బీర, సొర కాయల నుంచి ఈ ఎండల్లోనే విత్తనం తీసి, నీడన ఆరబెట్టి, బూడిద కలిపి దాచుకుంటే, తొలకరికి విత్తనాల కోసం అంగడికి వెళ్లే పని ఉండదు.