గుర్రానికి జీను, రౌతుకు మెట్టు

జనవరి 26న కర్తవ్యపథ్ మీద 61వ అశ్వికదళం కదలి వస్తూంటే జనం గుర్రాల ఠీవినే చూస్తారు. జీను వంక చూసేవారు అరుదు. నిజానికి గుర్రం క్షేమమూ, రౌతు క్షేమమూ ఆ జీనులోనే ఉన్నాయి.

మామూలు జీను లోపల కొయ్యతోనో, అతికిన చెక్కపొరలతోనో చేసిన గట్టి చట్రం ఉంటుంది. రౌతు బరువును అది గుర్రం వెన్నెముకకు ఇరువైపులా పంచుతుంది. వీపు తీరుకు చట్రం సరిపడకపోతే మూపు ఒరుసుకొని పుండు పడుతుంది. ఇటీవలి దశాబ్దాలలో పాశ్చాత్య దేశాలలో వ్యాప్తిలోకి వచ్చిన చట్రం లేని జీను దీనికొక జవాబు. అది మెత్తగా వంగుతుంది, వేర్వేరు వీపులకు అమరుతుంది. గుర్రం కదలిక రౌతు కటిభాగానికి సూటిగా అందుతుంది. ఆ కదలిక మనిషి నడకను పోలి ఉండటం చేతనే, కాళ్ళు స్వాధీనంలో లేనివారికి స్వారీని చికిత్సగా వాడుతున్నారు.

అయితే అమ్మేవారు చెప్పినంత సులువు కాదు. చట్రం లేనప్పుడు బరువు ఒకేచోట, ముఖ్యంగా రికాబులు వేలాడేచోట, గుమిగూడుతుంది. వెన్నెముకను తాకకుండా నడుమ గాడి గల మందపాటి మెత్త కింద వేయక తప్పదు. బరువైన రౌతుకు ఇది తగదు. నేల మీద నుండి రికాబులో కాలుపెట్టి ఎక్కబోతే జీను పక్కకు జారుతుంది. దిమ్మె మీద నుండి ఎక్కాలి, అవతలి రికాబును మరొకరు అదిమి పట్టాలి. చక్రాల కుర్చీలో వచ్చేవారికి ఏటవాలు వేదిక కావాలి. ఒక పక్కకు ఒరిగే శరీరం గలవారికి చట్రమున్న జీనే మంచి ఆసరా కావచ్చు.

డెన్మార్క్ వనిత లిస్ హార్టెల్‌కు 1944లో పోలియో సోకి మోకాళ్ళ కింద చచ్చుబడింది. గుర్రం ఎక్కాలన్నా దిగాలన్నా ఇతరుల సాయం కావాలి. ఆమె 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో పురుషులతో పోటీపడి డ్రెస్సేజ్‌లో రజతం గెలిచింది. 1956లో మళ్ళీ గెలిచింది. పారాలింపిక్స్‌లో ఈ పోటీకి చోటు దక్కింది మాత్రం 1996లో, అట్లాంటాలో!

మన పార్లమెంటు సంగతి. నోట్ల రద్దు గొడవలో కొట్టుకుపోయిన 2016 శీతాకాల సమావేశాలలో గట్టెక్కిన బిల్లులలో వికలాంగుల హక్కుల బిల్లు ఒకటి. గుర్తించిన వైకల్యాలు 7 నుండి 21కి పెరిగాయి. వికలాంగుల క్రీడాప్రతిభను పెంచే సాంకేతిక పరిజ్ఞానాన్ని రూపొందించాలని 30వ సెక్షన్ ప్రభుత్వానికి చెబుతోంది.

జీనుల తయారీకి పేరుమోసిన కాన్పూర్‌లోనే కృత్రిమావయవాల ప్రభుత్వ సంస్థ అలింకో ఉంది. ఈ రెండు విద్యలనూ ఒకచోట కూర్చోబెడతారా అని ప్రశ్నోత్తరాల వేళ ఏ సభ్యుడైనా అడగవచ్చు. కాని జీనుల ఎగుమతి వాణిజ్య శాఖది, అవయవాలు సామాజిక న్యాయ శాఖవి, స్వారీ క్రీడల శాఖది. ప్రశ్న ఏ మంత్రికి పంపాలో తేలేసరికి సమావేశాలు ముగుస్తాయేమో!