ట్రైలరుబండిలో చవుక దీపము

అమెరికా దేశమున మోటారుకారు వెనుక చిన్న ట్రైలరుబండిని తగిలించుకొని, అడవులలోను సరస్సుల యొడ్డునను విడిది చేయు వాడుక 1930 ప్రాంతమునకే యుండెను. ఇద్దరు పరుండుటకు మాత్రమే చోటుగల యట్టి బండికి నేడు ఎల్.ఇ.డి. దీపము మిక్కిలి యనుకూలము. ఎంతసేపు వెలుగునో తెలియుటకు మన భౌతికశాస్త్రపు లెక్కయే చాలును.

12 వోల్టుల, 7 ఆంపియరు-గంటల సీసపు బ్యాటరీయందు 84 వాట్-గంటల శక్తి యుండును. సగమునకు మించి వాడినచో దాని యాయువు తగ్గును గనుక 42 మాత్రమే మనదనుకొందము. 3 వాట్ల ఎల్.ఇ.డి. పట్టీ దీనితో 14 గంటలు వెలుగును. ఇంచుమించుగా నంత వెలుతురునే యిచ్చు 25 వాట్ల పాత బల్బు రెండు గంటలైనను నిలువదు. అందలి శక్తి చాలవఱకు వేడిమిగనే పోవును. ఎల్.ఇ.డి.లో పుట్టిన నీలికాంతి పసుపు పూతపై బడి తెల్లనగును. ఆ నీలిదీపమును సాధించిన అకసాకి, అమానో, నకమురా యనువారికి 2014లో నోబెల్ బహుమానము లభించెను.

దీపము చిన్నదని ఫ్యూజును మానరాదు. బండి కుదుపులకు తీగల తొడుగు అరిగి రెండును తాకినచో, బ్యాటరీనుండి పెద్ద ప్రవాహము పాఱి తీగ యెఱ్ఱగా గాలును. చెక్కగోడయు పరుపును అంటుకొనవచ్చును. లోపల మనుష్యులు నిద్రించుచుందురు గదా! ఈ దీపమునకు పావు ఆంపియరే చాలును గావున, 1 ఆంపియరు ఫ్యూజును బ్యాటరీ ధనధ్రువము చెంతనే యుంచవలెను. దీపము చెంత నుంచినచో నడుమనున్న తీగకు రక్షణ యుండదు.