ఇస్నాపూర్ చౌరస్తా నుంచి మెతుకుసీమకు: సైకిల్ సెలవు లెక్కలు

జపాన్‌లో సైకిల్ యాత్ర అంటే టూర్ కంపెనీలు ముందుగా చూపించే దారి షిమనామి కైడో. హిరోషిమా ప్రాంతంలోని ఒనొమిచి నుంచి షికోకు దీవిలోని ఇమబారి దాకా సుమారు 70 కి.మీ. నడుమ ఆరు దీవులు, వాటిని కలుపుతూ సముద్రం మీద వంతెనలు. 1999లో పూర్తయింది. గట్టిగా తొక్కేవాడికి ఇది ఒక్కరోజు పని. గైడు వెంట వెళ్లే బృందాలు మాత్రం తాపీగా రెండు రోజులు తీసుకుంటాయి. చుట్టుపక్కల గుడులు, పాత ఊళ్లు, వేడినీటి స్నానాలు కలుపుకొని వారం రోజుల సెలవు చేసుకుంటాయి. అలాంటి ప్యాకేజీ విమానం టికెట్ కాకుండానే మనిషికి రెండున్నర, మూడు లక్షల రూపాయలు సులువుగా దాటుతుంది.

సంగారెడ్డి నుంచి జోగిపేట మీదుగా మెదక్‌కు కూడా ఇంచుమించు 70 కిలోమీటర్లే. ఆ దారిలో, దాని చుట్టుపక్కల సాతవాహనుల ఊరు, కాకతీయుల నాటి గుడి, మొసళ్లున్న నది, వందేళ్లు దాటిన చర్చి ఉన్నాయి. పాశమైలారం పారిశ్రామికవాడలో ఉద్యోగం చేసుకునేవాళ్లకు ఇవన్నీ పక్క ఊళ్లే. మరి ఆ మూడు లక్షలు దేనికి పోతున్నట్టు? వాటిలో ఎంత భాగం మన దగ్గరా కుదురుతుంది?

ముందు వేగం సంగతి. సెలవు మీద వచ్చినవాళ్లు గంటకు 15 కి.మీ. తొక్కుతారనుకుందాం. రోజుకు 45 కి.మీ. అంటే సీటు మీద గడిపేది మూడు గంటలే. పగటిపూట మిగిలేదంతా తిండికి, చూడటానికి, చెట్టు కింద నడుం వాల్చడానికి. దీన్ని హైదరాబాద్ రాండొన్యూర్లు చేసే సుదూర సవారీలతో కలపొద్దు. వాళ్లు 200 కి.మీ. దూరాన్ని పదమూడున్నర గంటల్లో ముగించాలి. టీ తాగిన సమయం, పంక్చర్ వేసుకున్న సమయం అన్నీ అందులోనే. అదీ ఇంచుమించు గంటకు 15 లెక్కే, కాకపోతే ఆగే హక్కు లేదు. ఆగే హక్కు కోసమే సెలవు మనిషి డబ్బు కడతాడు.

రెండోది దారి. షిమనామిలో రోడ్డు అంచున నీలం గీత ఉంటుంది, ఇంకా ఎంత దూరముందో దాని మీదే రాసి ఉంటుంది. మ్యాప్ తీయకుండా ఆ గీత పట్టుకుని పోవచ్చు. వంతెన మీదికి ఎక్కే సైకిల్ దారులను సుమారు 3 శాతం వాలుతో, అంటే వంద మీటర్లకు మూడు మీటర్ల ఎత్తుతో కట్టారు. అరవై దాటినవాళ్లూ దిగకుండా ఎక్కేస్తారు. ఇలాంటి దారుల్లో ఆరింటిని జపాన్ ప్రభుత్వం జాతీయ సైకిల్ మార్గాలుగా ప్రకటించింది, మూడు 2019లో, మరో మూడు 2021లో. బివా సరస్సు చుట్టూ తిరిగేది 193 కి.మీ. పసిఫిక్ తీరం వెంట చోషి నుంచి వకయామా వెళ్లేది దాదాపు 1,487 కి.మీ. పొడవు.

మూడోది సామాను. పెట్టె ఒక హోటల్ నుంచి ఇంకో హోటల్‌కు వ్యానులో పోతుంది. మనిషి దగ్గర నీళ్ల సీసా, రెయిన్‌కోటు ఉంటే చాలు. సైకిలునే రైల్లో తీసుకుపోవాలంటే విప్పి సంచిలో పెట్టాలి. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 250 సెంటీమీటర్లు, బరువు 30 కిలోలు మించకూడదు. ఒనొమిచిలో 1943 నాటి ఓడరేవు గోదామును 2014లో సైకిలు వాళ్ల హోటల్‌గా మార్చారు. అక్కడ సైకిలును గదిలోకే తీసుకుపోయి గోడకు తగిలించుకోవచ్చు.

చట్టాల గట్టిదనమూ ధరలో భాగమే. జపాన్‌లోనూ మనలాగే ఎడమ వైపే బండ్లు నడుస్తాయి కాబట్టి మనవాళ్లకు తికమక ఉండదు. కానీ 2024 నవంబర్ నుంచి సైకిల్ తొక్కుతూ ఫోన్ చూస్తే ఆరు నెలల దాకా జైలు లేదా లక్ష యెన్‌ల దాకా జరిమానా. తాగి తొక్కితే మూడేళ్ల దాకా జైలు. మన దగ్గర ఈ రూలు పెడితే ముందు ఎవరు దొరుకుతారో అందరికీ తెలుసు.

ఇక పాశమైలారం. 2025 జూన్ 30న నలభై మందికి పైగా కార్మికులను బలిగొన్న ఫ్యాక్టరీ పేలుడుతో ఈ పేరు దేశమంతా విన్నది. ఇక్కడ సైకిల్ తొక్కేవాళ్లకు కొదవ లేదు, అయితే సెలవుల్లో తొక్కేవాళ్లు కారు. ఒడిశా, బిహార్, జార్ఖండ్ నుంచి వచ్చి అద్దె గదుల్లో ఉండే కాంట్రాక్టు కార్మికులు. నల్లటి పాత సైకిలు, క్యారియర్ మీద రబ్బరు ట్యూబుతో బిగించిన టిఫిన్ డబ్బా, హ్యాండిల్‌కు వేలాడే హెల్మెట్. ఆ హెల్మెట్ ప్లాంటు లోపల పెట్టుకోవడానికి, రోడ్డు మీద పెట్టుకోరు. వెనక రిఫ్లెక్టర్ ఉన్న బండి అరుదు. పొద్దున ఆరుకు, మధ్యాహ్నం రెండుకు, రాత్రి పదికి షిఫ్టు మారుతుంది. ఆ మూడు వేళల్లో కంపెనీ బస్సులు, ట్యాంకర్లు, డీసీఎంలు, షేర్ ఆటోలు అన్నీ ఒక్కసారిగా ఇస్నాపూర్ చౌరస్తా మీద పడతాయి. తొమ్మిదికి జనరల్ షిఫ్టు వాళ్లు మళ్లీ రోడ్డు నింపుతారు.

2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అందులో సైకిళ్ల మీద వెళ్తున్నవాళ్లు దాదాపు 3 శాతం. శాతం చిన్నదిగా కనిపిస్తుంది, లెక్కేస్తే రోజుకు పదమూడు మంది. అందుకే నా మాట సూటిగా చెబుతాను. ఇస్నాపూర్ నుంచి రుద్రారం, కంది మీదుగా సంగారెడ్డి దాకా ఉన్న సుమారు 20 కి.మీ. 65వ జాతీయ రహదారి మీద సెలవు సవారీ వద్దు. సైకిళ్లను ట్రాలీ ఆటోకెక్కించి పొతిరెడ్డిపల్లి చౌరస్తా దాటాకే దింపుకోవాలి. దారిలో రుద్రారం గణేశ్ గడ్డ వినాయకుడికి దండం, కందిలో ఐఐటీ భవనాలకు ఒక చూపు బండిలోంచే సరి. ఆ క్యాంపస్‌కు జపాన్ ప్రభుత్వ సంస్థ జైకా రుణం ఇచ్చింది. రుద్రారంలో తోషిబా ఫ్యాక్టరీ ఉంది. జపాన్ ఇంజినీర్లకు కొత్తకాని ఈ ఇరవై కిలోమీటర్లలో సైకిలుకు గీసిన గీత ఒక్కటీ లేదు.

హైదరాబాద్ వైపు పరిస్థితి మారింది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కి.మీ. సైకిల్ ట్రాక్‌ను 2023 అక్టోబర్ 1న ప్రారంభించారు. నానక్‌రాంగూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా 8.5, నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5. వెడల్పు నాలుగున్నర మీటర్లు, పైకప్పు మీద 16 మెగావాట్ల సోలార్ పలకలు. ఎండలో నీడ, రాత్రి వెలుతురు. కానీ ఈ ట్రాక్ కొల్లూరు దగ్గరే ఆగిపోయింది. అక్కడి నుంచి ముత్తంగి, ఇస్నాపూర్ మీదుగా పాశమైలారం రావాలంటే ఇంకా పదిహేను కిలోమీటర్లు ఉంటుంది. రోజూ అవసరం కొద్దీ సైకిల్ తొక్కే మనుషులు ఎక్కువగా ఉన్నది ఆ పదిహేను కిలోమీటర్ల అవతలే.

సంగారెడ్డి దాటితే లెక్క మారిపోతుంది. మొదటి రోజు ఇలా అనుకోండి. ఊరికి దగ్గర్లోని కలబ్‌గూర్‌లో కాకతీయుల నాటి కాశీ విశ్వేశ్వరాలయం. దాని పక్కనే మంజీర బ్యారేజీ, అభయారణ్యం. 1978లో మొసళ్ల కోసమే దీన్ని ప్రకటించారు. సింగూరు నుంచి ఇక్కడి దాకా సుమారు 36 కి.మీ. నది, 20 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం. చలికాలం వస్తే పట్టీతల బాతులు దిగుతాయి. నీటి అంచుకు పోవద్దని బోర్డులు ఊరికే పెట్టలేదు, ఒడ్డున ఎండ కాగే మొసలి దూరానికి ఎండిన దుంగలాగే ఉంటుంది.

మధ్యాహ్నం తర్వాత సంగారెడ్డికి 15 కి.మీ. అటూ ఇటూ ఉన్న కొండాపూర్. 1940ల మొదట్లో నిజాం పురావస్తు శాఖ తరఫున గులాం యజ్దానీ ఇక్కడి కోటగడ్డను తవ్వించారు. వందల కొద్దీ సాతవాహన నాణేలు, మట్టి బొమ్మలు, పూసలు, రోమ్ చక్రవర్తి అగస్టస్ బంగారు నాణెం బయటపడ్డాయి. మ్యూజియం చిన్నది, గంటలో చూసేయవచ్చు. కానీ మట్టిబొమ్మల తలకట్లను దగ్గరగా చూడటం మొదలుపెడితే ఆ గంట చాలదు. శుక్రవారం సెలవు, ఆ రోజు తప్పించి వెళ్లండి. తిరిగి సంగారెడ్డి చేరేసరికి అంతా కలిపి 45 కి.మీ. అవుతుంది.

రాత్రి బస? సంగారెడ్డిలో 1796 నాటి జైలు ఉంది. 2016లో దాన్ని మ్యూజియంగా మార్చి, 500 రూపాయలు కడితే 24 గంటలు ఖైదీలా ఉండే ఏర్పాటు చేశారు. జైలు బట్టలు, జైలు కూడు సహా. ఒనొమిచి వాళ్లు గోదామును హోటల్ చేశారు, మనవాళ్లు జైలును. పడక సుఖం సంగతి హామీ ఇవ్వలేను గాని, పాత కట్టడాన్ని యాత్రికుడికి తెరవడమనే ఆలోచన మనకూ కొత్తది కాదు.

రెండో రోజు జోగిపేట మీదుగా మెదక్. కొత్తవాళ్లకు 70 కి.మీ. ఎక్కువ, పైగా జోగిపేట దాకా నాలుగు వరుసల 161వ జాతీయ రహదారే. అలసినవాళ్లు ఎక్కేందుకు వెనక బండి ఉండి తీరాలి. ఓపికుంటే మంజీర ఏడు పాయలుగా చీలే ఏడుపాయల వనదుర్గ గుడికి మళ్లవచ్చు. చివరికి మెదక్ చర్చి. కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని పాస్టర్ చార్లెస్ వాకర్ పాస్నెట్ 1914లో మొదలుపెట్టిన ఈ కట్టడం 1924 డిసెంబర్ 25న ప్రార్థనలకు తెరుచుకుంది. 100 అడుగుల వెడల్పు, 200 అడుగుల పొడవు, 175 అడుగుల గోపురం. ఒకేసారి ఐదు వేల మంది పడతారు. మెదక్ ప్రాంతానికున్న మెతుకుసీమ అన్న పేరుకు ఈ చర్చి కథ బాగా అతుకుతుంది.

ఇదంతా నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకానే. మేలో ఎండ 42 డిగ్రీలు దాటే నేల ఇది. జనవరి తెల్లవారుజామున సంగారెడ్డి జిల్లా కోహిర్‌లో రాష్ట్రంలోకెల్లా తక్కువ ఉష్ణోగ్రత నమోదైన రోజులున్నాయి. గంట తొక్కితే అరలీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు కావాలి. ఎనిమిది మంది, రోజుకు ఐదు గంటలు అనుకుంటే 20 నుంచి 30 లీటర్లు, అంటే ఒకటి నుంచి ఒకటిన్నర క్యాన్. దారిలో మూత్రశాల ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోకపోతే ఆడవాళ్లు వచ్చే బృందమే ఉండదు. గైడు తెలుసుకోవాల్సిన మొదటి విషయం అదే, గుడి చరిత్ర ఆ తర్వాతే.

డబ్బు లెక్క. ఎనిమిది మందికి, రెండు రోజులకు నేను వేసిన అంచనా ఇది, ఎవరి ధరల పట్టికా కాదు. వెనక వచ్చే బండి 8,000. అద్దె సైకిళ్లు రోజుకు 500 చొప్పున 8,000. ముందొకరు, వెనకొకరుగా ఇద్దరు గైడ్లు, రోజుకు 2,000 లెక్కన 8,000. తిండి మనిషికి రోజుకు 600 అంటే 9,600. ఒక రాత్రి బస 800 చొప్పున 6,400. మొత్తం 40,000, తలకు 5,000. సొంత సైకిళ్లుంటే 4,000. గైడ్ల డబ్బు మాత్రం కోయకండి. ముందున్నవాడు దారి చూపిస్తాడు, వెనకున్నవాడు చైను పడిపోయినవాడి దగ్గర ఆగుతాడు.

తిరుగు ప్రయాణానికి మెదక్‌లో 2022 సెప్టెంబర్ నుంచి రైలు ఉంది, కాచిగూడ దాకా. పటాన్‌చెరు వైపు ఇళ్లున్నవాళ్లకు అది నగరానికి అవతలి కొస. సైకిళ్లను డీసీఎంకెక్కించి నర్సాపూర్ మీదుగా రావడమే నయం, రాత్రి పది షిఫ్టు మారకముందే ఇస్నాపూర్ చేరేలా.