కారులో కంప్యూటరా... కరెంటు జాగ్రత్త!

శ్రీరాంపూర్ సింగరేణి గనుల్లోకి దిగే కార్మికుడి తలమీద దీపం వెలగాలంటే నడుముకు బ్యాటరీ ఉండాలి. పాతరకం క్యాప్‌ల్యాంపుల్లో అది 4 వోల్టులు. ఛార్జింగు తగ్గితే బల్బు మసకబారుతుంది, అంతే.

మరి కారు బ్యాటరీతో కంప్యూటరు నడపాలంటే? అంత తేలిక కాదు. పేరుకు 12 వోల్టులే అయినా ఇంజిను తిరుగుతుంటే దాదాపు 14 ఉంటుంది. స్టార్టు చేసే క్షణంలో 9 కంటే కిందికీ పడిపోవచ్చు. బల్బు ఓర్చుకుంటుంది, కంప్యూటరు మాత్రం ఠక్కున ఆగిపోతుంది. అప్పుడు రాస్తున్న ఫైలు పాడైపోవచ్చు!

అందుకే ఇంట్లో పవర్‌సప్లై తయారుచేసుకునేవాళ్లు, వచ్చే వోల్టేజీ పెరిగినా తగ్గినా నిలకడగా 12 వోల్టులిచ్చే 'బక్-బూస్ట్' సర్క్యూటు వాడాలి.

అంతకన్నా ముఖ్యం ఫ్యూజు. 60 వాట్ల కంప్యూటరు లాగేది 5, 6 ఆంపియర్లే. అదే వైరు ఒరుసుకుని కారు బాడీకి తగిలితే? వందల ఆంపియర్లు పారి మంటలు లేస్తాయి. ఫ్యూజు కంప్యూటరు పక్కన ఉంటే బ్యాటరీ నుంచి వచ్చే వైరుకు రక్షణేదీ? అందుకే 10 ఆంపియర్ల ఫ్యూజును బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కు జానెడు దూరంలోనే బిగించాలి. వైరూ అందుకు తగ్గ మందంలో ఉండాలి.

చిన్న ముక్కే... కానీ ఇంటిల్లిపాదీ ఎక్కే బండికి అదే కాపలా!