నిమ్మతోటయు ముదిమియు

గూడూరు నిమ్మకాయల మార్కెట్టులో ధర యొక యేడు చుక్కల నంటును. మఱుయేడు కోతకూలికిని చాలదు. ఉద్యోగికి పింఛను కలదు. నిమ్మరైతునకు చెట్టే పింఛను. ఆ చెట్టును ముదియునుగదా!

2015లో నెలకొన్న అటల్ పింఛను పథకమున, ఆదాయపుపన్ను కట్టనివారు 18 మొదలు 40 ఏండ్లవఱకు చేరవచ్చును. అరువదవయేట నుండి నెలకు 5,000 రూపాయలు కోరువాడు 18వ యేట చేరినచో నెలకు 210 రూపాయలును, 40వ యేట చేరినచో 1,454 రూపాయలును కట్టవలెను.

అయినను మేమొకమాట దాచజాలము. ప్రభుత్వము పూచీపడినది అంకెకేగాని విలువకు గాదు. ధరలు ఏటేట నూటికి 6 చొప్పున హెచ్చినచో, నేటి 18 ఏండ్ల చిన్నవాడు 42 ఏండ్ల పిమ్మట పుచ్చుకొను 5,000 రూపాయలు నేటి 430 రూపాయలపాటివే. కావున పథకమున చేరుడు. దానితో నూరకుండక, ధర పలికిన యేటి రాబడిలో కొంత తపాలాకచ్చేరిలో చక్రవడ్డీ వచ్చు పబ్లిక్ ప్రావిడెంటు ఫండున వేయుడు. బంగారపు అంగడికి పోవుట ఆ పిమ్మటనే.