సంగటి ఊదుకునే బిడ్డ

పొగలు కక్కే రాగి సంగటిని ఊదుకుంటూ తింటున్న బిడ్డకు ఉన్నట్టుండి కుడిచెయ్యి పట్టు తప్పుతుంది, మాట ముద్దగా వస్తుంది. పది నిమిషాలకు మళ్లీ మామూలే. వెక్కివెక్కి ఏడ్చినా, గొట్టంతో పొయ్యి ఊదినా అదే తంతు. పాకాల పల్లెల్లో అవ్వలు దీన్ని ‘గాలి సోకింది’ అంటే నవ్వనక్కర్లేదు. సోకింది ఆ బిడ్డ ఊపిరి గాలే. అదేపనిగా ఊదితే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి మెదడు రక్తనాళాలు ముడుచుకుంటాయి. అవి ముందే సన్నబడి ఉంటే మెదడులో ఆ భాగానికి రక్తం చాలదు.

మొయామొయా జబ్బు తీరు ఇది. మెదడుకు రక్తం తెచ్చే పెద్ద ధమనులు పుర్రె లోపల క్రమంగా పూడిపోతాయి; ఆ లోటు తీర్చడానికి వెంట్రుకల్లాంటి నాళాలు గుబురుగా పుడతాయి. యాంజియోగ్రామ్‌లో ఆ గుబురు పొగలా కనబడడంతో జపాన్ వైద్యులు సుజుకి, తకాకు 1969లో ఈ పేరు పెట్టారు. 17వ క్రోమోజోము మీది ఆర్‌ఎన్‌ఎఫ్213 జన్యువుకు దీనితో ఉన్న సంబంధం 2011లో తేలింది. జపాన్ జనంలో నూటికి ఒకరిద్దరు ఆ జన్యువులో ఒక మార్పును మోస్తున్నా, వారిలో చాలామందికి జబ్బే రాదు. మన దేశపు రోగుల్లో ఆ మార్పు అరుదు.

బిడ్డకు పక్షవాతం అనగానే మనవాళ్లు మేనరికాన్ని తిడతారు. అన్నిటికీ అది తగదు. ఆర్‌ఎన్‌ఎఫ్213లో తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క మార్పు వచ్చినా చాలు. మేనరికం లెక్కకు వచ్చేది ఏడీఏ2 లోపం వంటి జబ్బుల్లో. అక్కడ రెండు వైపుల నుంచీ చెడిన జన్యువు రావాలి. అక్క కూతుర్ని చేసుకున్న ఇంటి బిడ్డకు, సగటున 8 జన్యువుల్లో ఒకటి ఒకే పూర్వీకుల నుంచి రెండు దారుల్లో వచ్చి చేరుతుంది. 2014లో గుర్తించిన ఏడీఏ2 లోపంలో మాటిమాటికీ జ్వరం, చర్మం మీద వల అల్లినట్టు మచ్చలు, చిన్న వయసులోనే పక్షవాతం వస్తాయి. దీన్ని పసిగట్టడం ఎందుకు ముఖ్యమంటే, పక్షవాతానికి మామూలుగా ఇచ్చే ఆస్పిరిన్ ఇక్కడ మెదడులో రక్తస్రావానికి దారితీయవచ్చు. ఒంట్లో వాపును రేపే టీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లు మాత్రం మళ్లీ పక్షవాతం రాకుండా బాగా కాస్తాయి.

ఇలాంటి బిడ్డను చూపించాలంటే, పాకాల జంక్షన్‌లో కాట్పాడి బండెక్కితే రాయవేలూరు దగ్గరే. దేశంలో తొలి న్యూరోసర్జరీ విభాగాన్ని జేకబ్ చాందీ 1949లో ప్రారంభించింది అక్కడి సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రిలోనే. పాత చీటీల సంచితో పాటు, చెయ్యి వాలిపోయినప్పుడు ఫోన్‌లో తీసిన వీడియో కూడా తీసుకెళ్తే డాక్టరుకు సగం పని తప్పుతుంది. మిగతా సగం వంశవృక్షంలో ఉంటుంది. మేనరికం ఉన్నచోట డాక్టరు ఆలుమగల మధ్య జంట గీత గీస్తాడు. ఆ గీత పడగానే ఏడీఏ2 పరీక్ష ముందు వరుసలోకి వస్తుంది.